కోసి పారేసిన దగ్గు

గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర ఈగ కూడా ముందు తుమ్మి, ఆ తర్వాతే వాలుతుంది. సీజన్‌లో ఆ ఘాటుకి ఆకాశంలో పోయే కొంగలు కళ్ళు తుడుచుకుంటూ పోవడం చూసినవాళ్ళున్నారు. అలాంటి చోట దగ్గును ఎవరూ జబ్బుల్లో లెక్కెయ్యరు. మనిషి దగ్గుతున్నాడంటే పనిలో ఉన్నాడని అర్థం. దగ్గడం మానేస్తేనే "ఏమైందిరా వీడికి?" అని ఆరా తీస్తారు.

ఈ కథంతా ఆ ఒక్క అలవాటులోంచే పుట్టింది.

మే నెల మిట్టమధ్యాహ్నం. యార్డుకి వేసవి సెలవులు. బయట రోడ్డు మీద తారు పాకంలా ఉంది. ఊరి చివర కోల్డ్ స్టోరేజి ముందుగదిలో మాత్రం వాసిం స్వెట్టర్ వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. పక్కనే ఖాళీ గోతాల దొంతర మీద అతని మామ ఇమాం హుస్సేన్. మేనమామా అతనే, పిల్లనిచ్చిన మామా అతనే. ఎదురుగా లోపలి గదికి పోయే తలుపు. మూరెడు మందం, దాని మీద తుప్పు పట్టిన ఇనుప గడియ.

"ఒరే అల్లుడూ, ఈ తలుపు చూశావా? నలుగురు కలిసి నెడితేగానీ కదలదు. వయసులో ఉన్నప్పుడు కుడి భుజాన ఒక టిక్కీ, ఎడమ భుజాన ఒక టిక్కీ పెట్టుకుని, మోకాలితో తెరిచేవాణ్ణి."

టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన పెద్ద గోతం. ఒక్కటి ఎత్తితేనే మామూలు మనిషికి నడుం పట్టేస్తుంది.

"మూడో టిక్కీ మర్చిపోయావు మామా. పళ్ళతో పట్టుకున్నది."

"అది పెళ్ళిచూపుల్లో చెప్పడానికి రా. నువ్వు ఇంటోడివి, నీకు నిజమే చెబుతా."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. మెహర్ పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో నవ్వులన్నీ అంతే, మొదలై తలొంచుకుంటాయి.

మెహర్ ఇమాం హుస్సేన్‌కి ఒక్కగానొక్క కూతురు, వాసింకి భార్య. యార్డులో కమీషన్ కొట్లో గుమాస్తా. పొద్దున్నే మిరపకాయల రాసుల మధ్య నిలబడి, ఆ రోజు ఏ రకం ఎంత పలికిందో ఫోన్‌లో చెప్పేది. రైతులు ఒక నంబరుకి డయల్ చేస్తే చాలు, ఆమె గొంతు వినపడేది. "గుంటూరు యార్డు నుంచి మెహర్‌ని మాట్లాడుతున్నా. ముందు కాసిని మంచినీళ్ళు తాగి కూర్చోండి. ఇప్పుడు వినండి, తేజ..." రేటు పడిపోయిన రోజున ఆ మంచినీళ్ళ మాటే రైతుని నిలబెట్టేది. పొదిలి నుంచి పల్నాడు దాకా ఆ గొంతు తెలియని చేను లేదు. ఆమె "తేజ" అంటే చేలో ఆ రకం మిరప మొక్కలు కూడా తలెత్తి వినేవంటారు.

ఆ నంబరు వెనక ఉన్న కంప్యూటర్ ప్రోగ్రాం మొత్తం వాసిం కట్టిందే. మంగళగిరి ఆఫీసుల్లో అతను పేరుమోసిన పనివాడు. అతను ఎంటర్ కొడితే గాలిగోపురం మీది పావురాలన్నీ ఒక్కసారి లేచేవి. నలుగురు ఇంజినీర్లు తలలు బాదుకున్న తప్పుని టీ చల్లారేలోపు పట్టుకుని, ఆ టీ కూడా తాగేసి, గ్లాసు కడిగి బోర్లించేవాడు. మెహర్ గొంతు కోసం అతనొక కత్తి తయారుచేశాడు. నిజం కత్తి కాదు, ప్రోగ్రాం కత్తి. యార్డు ఘాటుకి ఆమె మాటమాటకీ దగ్గేది. ఆ కత్తి దగ్గునీ, దగ్గుకీ దగ్గుకీ మధ్య వచ్చిన పొడి శబ్దాలనీ కోసి పారేసి, మిగిలిన మాటని పట్టుదారంలా అతికించేది. మొదట్లో వాసిం ప్రతి రికార్డింగూ తనే విని, చేత్తో కోసేవాడు. కత్తి వచ్చాక వినాల్సిన పని తప్పింది. ఆ సంగతి మెహర్‌కి చెప్పాలని అతనికి తోచలేదు. చెప్పడానికి అందులో ఏముందనుకున్నాడు.

ఆమె దగ్గు పెరిగింది. యార్డులో అందరూ దగ్గుతున్నారు కదా. ఇమాం హుస్సేన్ జీవితమంతా దగ్గాడు, గుండ్రాయిలా ఉన్నాడు కదా. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఊపిరితిత్తుల్లో మిగిలింది లేదన్నారు.

ఆమె పోయాక కూడా నంబరు ఆగలేదు. ఆమె నోట వచ్చిన అంకెలూ, పేర్లూ అన్నీ ముక్కలుగా ఉన్నాయి. ఏ రోజు రేటుని ఆ రోజు ఆ ముక్కలతో అతికించి చెప్పేలా వాసిం మార్చాడు. చాలామంది రైతులకి ఆమె పోయిందని కూడా తెలియదు. ఇమాం హుస్సేన్ రోజూ పొద్దున్నే డయల్ చేసి, మంచినీళ్ళు తాగమని కూతురు చెప్పగానే బుద్ధిగా తాగి, ఆ తర్వాతే టీ ముట్టేవాడు. పెళ్ళి వీడియో ఉంది. దాన్నిండా పాటలే. ఆమె గొంతు ఉన్నదల్లా ఆ యంత్రంలోనే.

ఆ యంత్రం ఉన్నది ఈ ముందుగదిలో. ఎండకి వేడెక్కకుండా ఉంటుందనీ, ఇక్కడ కరెంటు పోతే జనరేటర్ వేస్తారనీ, స్టోరేజి యజమానురాలు కోటేశ్వరి గారిని అడిగి వాసిం అక్కడ పెట్టాడు. ఇప్పుడామె స్థలం అమ్మేశారు. గదులన్నీ ఖాళీ. కంప్రెసర్ మాత్రం ఈ యంత్రం కోసం ఇంకా నడుస్తోంది.

"సాయంత్రంలోపు కరెంటోళ్ళు వచ్చి లైను తీసేస్తారు నాయనా," అని పొద్దున తాళాలిస్తూ అన్నారామె. "మెహర్ ఉంటే నన్ను తిట్టిపోసేది. యంత్రానికి కూడా చోటివ్వలేకపోయావా పిన్నీ అనేది."

అందుకని వాసిం ఆ ప్రోగ్రాంని క్లౌడ్‌కి ఎక్కిస్తున్నాడు. అంటే ఎక్కడో ముంబయిలో, ఎప్పుడూ ఆగని పెద్ద కంప్యూటర్లలో అద్దెకి చోటు తీసుకుని అక్కడికి మార్చడం.

"మా పిల్లని ముంబయి పంపిస్తున్నావా?" అన్నాడు ఇమాం హుస్సేన్.

"గొంతుని మామా."

"అదేలే. జాగ్రత్తగా పంపు. పోయేటప్పుడు ఎక్కడా పడిపోదు కదా?"

"చూడు మామా. ప్రోగ్రాం ఉండేదాన్ని కంటైనర్ అంటాం. అది అద్దెగది లాంటిది. ఖాళీ చేసి మళ్ళీ చేరితే సున్నం కొట్టి ఇస్తారు. గోడ మీద నువ్వు రాసుకున్నదేదీ ఉండదు. అందుకే విలువైనదంతా పక్కన గోడౌన్‌లో పెట్టుకోవాలి. గది మారినా గోడౌన్ చెక్కుచెదరదు. మెహర్ గొంతంతా గోడౌన్‌లో ఉంది."

"గోడౌన్‌లో ఉంటే సరే. గోడౌన్ సంగతి నాకు చెప్పకు. నేను పుట్టింది గోడౌన్‌లో."

వాసిం వేళ్ళు విరిచాడు. పాత గదిని ఆపాడు. ఖాళీ చేశాడు. గోడౌన్‌లోని సరుకంతా క్లౌడ్ మీది కొత్త గోడౌన్‌కి పంపమని ఆజ్ఞ ఇచ్చాడు. కన్నుమూసి తెరిచేలోపు అయిపోయింది.

"చూశావా మామా, నా స్పీడు! ఇన్నేళ్ళ సరుకు రెప్పపాటులో ముంబయి చేరింది."

"నువ్వు నా అల్లుడివిరా."

వాసిం నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. ఇన్నేళ్ళ సరుకు రెప్పపాటులో ఎలా చేరుతుంది?

కొత్త గోడౌన్ తెరిచి చూశాడు. ఖాళీ. పాత గోడౌన్ తెరిచి చూశాడు.

అదీ ఖాళీ.

ఎన్నో ఏళ్ళ కింద, మొదటిసారి పెట్టిన రోజున, గోడౌన్‌కి ఒక దారి రాశాడు. ప్రోగ్రాంకి ఇంకో దారి చెప్పాడు. మెహర్ గొంతు ఒక్కనాడూ గోడౌన్‌లోకి పోలేదు. ఇన్నాళ్ళూ అద్దెగది గోడ మీదే ఉంది. ఈ కోల్డ్ స్టోరేజిలో జనరేటర్ వల్ల కరెంటు ఎప్పుడూ ఆగలేదు, గది ఎప్పుడూ ఖాళీ కాలేదు, తప్పు ఎప్పుడూ బయటపడలేదు. ఇప్పుడు తన చేత్తో తనే గది ఖాళీ చేశాడు. సున్నం కొట్టేశారు.

పావురాల్ని లేపిన వేళ్ళు మళ్ళీ కీబోర్డు మీద పడ్డాయి. పాత డిస్కుని అంగుళం అంగుళం గాలించాడు. చెరిపేసినవాటిని వెలికితీసే విద్యలన్నీ ప్రయోగించాడు. ఏమీ లేదు. చలిగదిలో కూర్చున్న మనిషికి చొక్కా తడిసి వీపుకి అంటుకుంది.

"అయిందా అల్లుడూ?"

"అవుతోంది మామా."

"అయితే డయల్ చేసి చూడనా? పొద్దున్నుంచి వినలేదు."

"ఇప్పుడే వద్దు... కాసేపాగు."

ముసలాయన బుద్ధిగా ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకున్నాడు. వాసిం తల తిప్పలేకపోయాడు. మామకి ఎలా చెప్పాలి? నీ కూతుర్ని ఒకసారి మట్టిలో పెట్టాం, ఇప్పుడు రెండోసారి నేనే చంపానని చెప్పాలా?

టప్‌మని బయట ఏదో తెగింది. లైటు ఆరిపోయింది. గోడల వెనక ఎన్నేళ్ళుగానో గురగురమంటున్న కంప్రెసర్ చప్పుడు నెమ్మదిగా సన్నగిల్లి ఆగింది. కరెంటోళ్ళు లైను తీసేశారు.

బయట మండే ఎండ. లోపల, కిటికీ లేని ఆ గదిలో, కాటుక చీకటి. ల్యాప్‌టాప్ తెర ఒక్కటే వెలుగుతోంది. అంత నిశ్శబ్దం ఆ గోడలు ఎప్పుడూ ఎరగవు. తడిసిన గోనె వాసన. దాని కిందనుంచి ఇంకో వాసన లేచింది. ఘాటు. గదులు ఖాళీ అయి వారాలు దాటాయి. అయినా అప్పుడే గోతం కోసి రాశి పోసినట్టు, కొత్త కాయ ఘాటు.

వాసిం తెర వైపు చూశాడు.

కొత్త గోడౌన్‌లో ఒక రికార్డింగ్ ఉంది.

అతను పెట్టలేదు. చూస్తుండగానే దాని కింద ఇంకొకటి వచ్చింది. ఇంకొకటి... ఒక్కొక్కటే, ఎవరో మెట్లెక్కి వస్తున్నట్టు...

మొదటిది తెరిచాడు. దగ్గు. చిన్నది. ఆ తర్వాత ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "ఛీ, ఏం ఘాటురా బాబూ," అని నవ్వు.

మెహర్.

 వాసింకి సంతోషంతో ఏడుపు తన్నుకొచ్చింది. అంతలోనే ఆపి, మళ్ళీ మొదట్నుంచి విన్నాడు. ఈ ముక్క అతనికి తెలుసు. తెలియదు కూడా. కత్తి కోసిన ముక్క ఇది. కోసినదాన్ని ఎక్కడా దాచమని అతను ఆ కత్తికి చెప్పలేదు. కోయగానే అది లేకుండా పోవాలి. ఈ లోకంలో ఎక్కడా ఉండకూడని ముక్క ఇది.

తర్వాతిది. దగ్గు... కాస్త పొడుగు. "బావా, ఇది కోసేయ్. మళ్ళీ చెబుతా."

తర్వాతిది. దగ్గు... దగ్గు... "బావా, నువ్వు ఎలాగూ వింటావుగా, అందుకే ఇక్కడ చెబుతున్నా. ఇవాళ గొంతులో కాదు, లోపల నొప్పిగా ఉంది. ఇంట్లో అంటే నాన్న ఊరంతా తిప్పి చెబుతాడు. ఆదివారం ఎవరికైనా చూపిద్దామా?"

వాసిం నోటికి చెయ్యి అడ్డుపెట్టుకున్నాడు.

తర్వాతిది. దగ్గు ఆగడం లేదు. ఆగిన చోట ఊపిరి చిరిగిన గుడ్డలా ఉంది. "మొన్న చెప్పినదానికి నువ్వేం అనలేదు. ఆదివారం కూడా పోయింది. పనిలో ఉన్నావులే... అవునా?"

తర్వాతిది. "రుమాలు మీద ఎర్రగా పడింది బావా. మిరప పొడి అనుకున్నా. ఉతికితే పోలేదు."

తర్వాతిది. చాలాసేపు దగ్గు. చాలా... చాలాసేపు. చివర్లో, ఎంతో అలసిపోయి, ఎంతో మెత్తగా, "వింటున్నావా అసలు?" కాస్త ఆగి, "సరేలే బావా. కోసేయ్."

తెర మీద ముక్కలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆమె పోయిన నెలవి. ఆ తర్వాతి నెలవి... ఆమె లేని నెలలవి.

అప్పుడు అతనికి అర్థమైంది. తను తెరిచిన ముక్క ఎప్పుడో అయిపోయింది. దగ్గు ఆగలేదు.

అది ల్యాప్‌టాప్‌లోంచి రావడం లేదు. మూరెడు మందం తలుపు వెనకనుంచి వస్తోంది.

"అల్లుడూ..." చీకట్లో ఇమాం హుస్సేన్ గుసగుస. అతని చెవి దగ్గర ఫోన్ వెలుగుతోంది. ఆగలేక డయల్ చేసేశాడు. "రేటు చెప్పడం లేదురా... పిల్ల దగ్గుతోంది."

"పెట్టెయ్ మామా. ఫోన్ పెట్టెయ్."

"ఎవరూ నీళ్ళివ్వడం లేదేంట్రా దానికి?"

"మామా, అక్కడెవరూ లేరు..."

"ఊరందరికీ మంచినీళ్ళు తాగమని చెప్పిందిరా నా తల్లి." ముసలాయన లేచాడు. మరచెంబులోంచి స్టీలు గ్లాసులోకి నీళ్ళు ఒంపిన చప్పుడు. చీకట్లో ఒక్క చుక్క కింద పడలేదు. "దానికి చెప్పేవాళ్ళు లేకపోయారు."

"మామా... వద్దు... ఆ తలుపు దగ్గరికి పోవద్దు..."

నలుగురు నెడితేగానీ కదలని తలుపు అది. వారాలుగా తెరవక బిగుసుకుపోయి ఉంది. ఇమాం హుస్సేన్ గడియ తీసి, ఒక్క అరచెయ్యి ఆనించాడు. తలుపు వెన్నలా తెరుచుకుంది. జీవితమంతా అతను చెప్పుకున్న గొప్పల్లో కళ్ళముందు నిజమైంది అదొక్కటే. లేదా లోపలినుంచి ఎవరో లాగి సాయం పట్టారు.

చలి మొహాన కొట్టింది. ఘాటు కళ్ళల్లో గుచ్చుకుంది. దగ్గు ఆగిపోయింది.

"తాగమ్మా," అన్నాడు ముసలాయన. వంగి గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత...

గుటక.

ఒకటి. ఇంకొకటి.

వాసిం మామని వెనకనుంచి వాటేసుకుని బయటికి ఈడ్చుకొచ్చాడు. ల్యాప్‌టాప్‌ని ఎలా పట్టుకొచ్చాడో అతనికే తెలియదు. బయట ఎండ భళ్ళున మీద పడింది. లైను తీసిన కరెంటు మనిషి స్తంభం మీదనుంచి దిగుతూ వింతగా చూశాడు. వాసిం జేబులో ఫోన్ మోగింది. పొదిలి రైతు యలమంద. రేటు మీద అనుమానం వస్తే వాసింకే చేస్తాడు.

"ఏం బాబూ, సెలవులైపోయినాయేమోనని నంబరు కొట్టా. అమ్మాయి రేటు చెప్పకుండా ఒకటే దగ్గు.  ఎవరో పెద్దాయన నీళ్ళిచ్చినాడులే, ఇప్పుడు తాగింది. మీరు పక్కనే ఉండి కూడా పట్టించుకోరేమయ్యా? ఆస్పత్రికి తీసుకుపోండి ఆ పిల్లని."

వాసిం నోరు తెరిచాడు. "తీసుకెళ్తా యలమందా," అన్నాడు. ఎన్నాళ్ళ కిందో, ఒక ఆదివారం లోపల అనాల్సిన మాట. ఇప్పుడు వచ్చింది. నడిరోడ్డు మీద కూలబడి, చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

కోల్డ్ స్టోరేజిని నేలమట్టం చేశారు. లోపలి గది పడగొట్టేటప్పుడు గ్లాసేమైనా దొరికిందా అని కోటేశ్వరి గారి చేత అడిగించాడు. దొరకలేదన్నారు.

క్లౌడ్ మీది ప్రోగ్రాం నడుస్తూనే ఉంది. వాసిం దాన్ని ఆపడు, మార్చడు, గది ఖాళీ చెయ్యడు. కత్తిని తీసేశాడు. రోజూ పొద్దున్నే ఒక కొత్త రికార్డింగ్ వచ్చి ఉంటుంది. దాన్ని మొదలు నుంచి చివరి దాకా, ఒక్క ఊపిరి కూడా వదలకుండా వింటాడు. మాటలు లేవు. దగ్గు, ఆ తర్వాత నీళ్ళు తాగిన చప్పుడు. అంతే.

మొన్నటిదాకా అంతే.

మొన్న దగ్గు లేదు. నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టిన చప్పుడు. అప్పుడు, ఆమె పక్కనే నిలబడి మాట్లాడినట్టు, ఒక మగగొంతు. "కొంచెం జరుగు తల్లీ. నేనూ కూర్చుంటా."

వాసిం గబగబా వంటింటి గుమ్మంలోకి పరిగెత్తాడు. ఇమాం హుస్సేన్ అక్కడే ఉన్నాడు. గోడకి చేరబడి, ఎండలో కాళ్ళు చాపుకుని, పొద్దుటి మంచినీళ్ళ కోసం గ్లాసు ముందు పెట్టుకుని ఉన్నాడు.

"మామా, ఇది విను. ఆ రోజు అక్కడ నువ్వు ఈ మాట అన్నావా? నాకు వినపడలేదా?"

ముసలాయన ఫోన్‌ని చెవికి ఆనించుకున్నాడు. పూర్తిగా విన్నాడు. ఇంకోసారి విన్నాడు. 

"గొంతు నాదేరా," అన్నాడు చివరికి, ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ. "మాట మాత్రం నేనింకా అనలేదు అల్లుడూ."

గ్లాసు ఎత్తబోయి, తువ్వాలు అడ్డుపెట్టుకుని, మెల్లిగా దగ్గాడు.